డిస్కు "రాసేశాను" అంటే నిజంగా రాసినట్టేనా?

లినక్స్ ఆపరేటింగ్ సిస్టంకు గుండెకాయైన కెర్నల్లోని స్టోరేజి డ్రైవర్ల డాక్యుమెంటేషన్ మీద ప్రశ్నలు పంపమని పోయిన సంచికలో అడిగాం. హార్డ్ డిస్కులు, ఎస్‌ఎస్‌డీలు, ఫోన్లలోని ఫ్లాష్ మెమరీ, వీటన్నిటితో కెర్నల్ తరఫున మాట్లాడే కోడే స్టోరేజి డ్రైవరు. ఆ కోడు ఎలా నడుస్తుందో, దాని సెట్టింగు మారిస్తే ఏమవుతుందో చెప్పే రాతలు కెర్నల్ సోర్సులోనే, డాక్యుమెంటేషన్ అనే డైరెక్టరీలో ఉంటాయి. చాలా ఏళ్ళుగా హైదరాబాదులో ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి జవాబులు రాసే బాధ్యత నాకు అప్పగించారు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాను.

ప్రశ్న: మా డేటాబేస్ సర్వరు నెమ్మదిగా ఉందని వెతుకుతుంటే ఒక చిట్కా కనిపించింది. డిస్కు తాలూకు క్యూ డైరెక్టరీలో "రైట్ క్యాష్" అనే ఫైలుంటుంది, అందులో "రైట్ బ్యాక్" అని ఉంటే దాన్ని "రైట్ త్రూ" అని మార్చమన్నారు. టెస్టు మెషీన్ మీద మార్చి చూశాను. కమిట్లు (లావాదేవీలను ఖాయం చేసే పని) ఒక్కసారిగా స్పీడందుకున్నాయి. "రైట్ త్రూ" అంటే క్యాష్‌లో ఆగకుండా నేరుగా డిస్కు మీదికే రాయడం కదా, అంటే ఇంకా సేఫ్ అనుకుంటున్నాను. అసలు సర్వరు మీద కూడా పెట్టేయొచ్చా?
— సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, విజయవాడ

జవాబు: పెట్టకండి. టెస్టు మెషీన్ మీద చేసింది కూడా ఈ రోజే వెనక్కి మార్చేయండి.

మీ ఉత్తరంలోనే సమాధానం ఉంది. నేరుగా డిస్కు మీదికే రాసేటట్లయితే పని నెమ్మదించాలి గానీ, స్పీడు ఎలా పెరుగుతుంది? పెరిగిందంటే ఎక్కడో ఏదో పని జరగడం మానేసిందన్నమాట. ఆ మానేసిన పని పేరు ఫ్లష్.

చాలా డిస్కుల్లో లోపల కొంచెం ర్యామ్ ఉంటుంది, అదే క్యాష్. మనం పంపిన డేటా మొదట అందులో పడుతుంది, పడగానే డిస్కు "అయిపోయింది" అని కెర్నల్‌కు చెప్పేస్తుంది. అసలు మీడియా మీదికి తర్వాత తీరిగ్గా రాసుకుంటుంది, రైట్ బ్యాక్ అంటే ఇదే. ఈలోగా కరెంటు పోతే ఆ ర్యామ్‌లో ఉన్నది పోయినట్టే. అందుకే డేటాబేసు ఒక కమిట్ చేసి ఎఫ్‌సింక్ (రాసింది డిస్కుకు చేరేదాకా ఆగే కాల్) అడిగినప్పుడు, కెర్నల్ డిస్కుకు ఫ్లష్ కమాండు పంపి, లోపలిదంతా మీడియా మీదికి చేరిందని మాట తీసుకున్నాకే డేటాబేసుకు "సరే" అంటుంది. మీకు నెమ్మదిగా అనిపించింది ఈ ఎదురుచూపే.

మీరు మార్చిన ఫైలు డిస్కు లోపలి క్యాష్‌ను ముట్టుకోదు. "ఈ డిస్కుకు అలాంటి క్యాష్ లేదు" అని కెర్నల్‌కు చెబుతుందంతే. కెర్నల్ ఆ మాట నమ్మి ఫ్లష్‌లు పంపడం మానేస్తుంది. క్యాష్ మాత్రం డిస్కులో ఎప్పటిలాగే పనిచేస్తూ ఉంటుంది. ఇప్పుడు కరెంటు పోతే, డేటాబేసు "కమిట్ అయింది" అని కస్టమరుకు చెప్పేసిన లావాదేవీలు మాయమవుతాయి. అంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. ఫైల్‌సిస్టం తన మార్పులను ముందుగా రాసుకునే జర్నల్ అంతా "ఇది ముందు, అది తర్వాత" అనే వరుస మీద ఆధారపడుతుంది. ఫ్లష్ లేకపోతే ఆ వరుసకు హామీ లేదు, ఫైల్‌సిస్టమే పాడవ్వొచ్చు.

ఈ సంగతి కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో ఉంది, బాగా రాశారు కూడా. ఈ ఫైలులో రాస్తే కెర్నల్ అభిప్రాయం మారుతుంది గానీ డిస్కు స్థితి మారదని, అందువల్ల రైట్ బ్యాక్ నుంచి రైట్ త్రూకు మార్చడం క్షేమం కాకపోవచ్చని, కెర్నల్ పంపే ఫ్లష్‌లు కూడా దాంతో ఆగిపోతాయని నాలుగు వాక్యాల్లో చెప్పారు. ఒక సెట్టింగు ఏం చేస్తుందో అందరూ రాస్తారు. అది ఏం చేయదో రాసినవాళ్ళు తక్కువ. స్టోరేజి విషయంలో డేటాను కాపాడేది ఆ రెండో వాక్యమే. మీరు చూసిన చిట్కా రాసినాయన మొదటి సగం తీసుకుని రెండో సగం వదిలేశాడు.

డిస్కు క్యాష్‌ను నిజంగానే ఆపాలంటే దారి వేరు. సాటా డిస్కుకైతే హెచ్‌డీపార్మ్ అనే కమాండుతో ఆపొచ్చు. స్కజీ (డిస్కులకు కమాండ్లు పంపే ఒక పద్ధతి) డిస్కు విభాగంలో "క్యాష్ టైప్" అనే ఇంకో ఫైలుంది, దానిలో "రైట్ త్రూ" అని రాస్తే కెర్నల్ ఆ మార్పును డిస్కుకే పంపుతుంది. అదే ఫైలులో ముందు "టెంపరరీ" అనే మాట చేర్చి రాస్తే మాత్రం డిస్కుకు ఏమీ పంపదు, తన అభిప్రాయం మార్చుకుని ఊరుకుంటుంది. అంటే పేర్లు దాదాపు ఒకేలా ఉన్న రెండు ఫైళ్ళలో ఒకటి డిస్కును మారుస్తుంది, ఒకటి మార్చదు. మార్చేదాంట్లో కూడా ఒక్క మాట చేరిస్తే మార్చదు. డాక్యుమెంటేషన్ చదవకుండా ఇది ఎవరికి తెలుస్తుంది చెప్పండి?

ఒక కంపెనీలో ఇలాంటి కేసు నేను దగ్గరగా చూశాను. కరెంటు పోయి వచ్చాక డేటాబేసు లేవలేదు. డిస్కు తప్పు, డ్రైవరు తప్పు అని రెండు రోజులు వాదనలు నడిచాయి. చివరికి యూడెవ్ రూల్స్‌లో, అంటే డివైజు కనిపించగానే సెట్టింగులు పెట్టే ఫైళ్ళలో, ఒకే ఒక్క లైను దొరికింది, మీరు మార్చిన ఈ సెట్టింగే. ఎవరో ఎప్పుడో పెట్టి ఉద్యోగం మారిపోయారు. ఎందుకు పెట్టారో పక్కన ఒక్క ముక్క కూడా రాసి లేదు.

ఖరీదైన సర్వర్ ఎస్‌ఎస్‌డీల్లో కరెంటు పోయినా లోపలి డేటాను మీడియాకు చేర్చేంత చార్జిని కెపాసిటర్లలో దాచుకునే ఏర్పాటు ఉంటుంది. అలాంటివి సాధారణంగా "నాలో పోయే క్యాష్ లేదు" అని తామే చెబుతాయి, కెర్నల్ కూడా మొదటి నుంచే "రైట్ త్రూ" అని చూపిస్తుంది. మీ స్పీడు సమస్యకు సరైన మందు అదే. బడ్జెట్ అడగండి.

ప్రశ్న: డిస్కు గణాంకాలు తీసే చిన్న స్క్రిప్టు రాశాను. డిస్కు "స్టాట్" ఫైలులోని సెక్టార్ల సంఖ్యను డిస్కు సెక్టారు సైజుతో గుణిస్తున్నాను. నా దగ్గర 4కే డిస్కు, కాబట్టి 4096. ఐఓస్టాట్ (డిస్కు లెక్కలు చూపే టూల్) చూపేదానికి నా లెక్క ఎనిమిది రెట్లు వస్తోంది. డ్రైవరులో బగ్గా?
— మానిటరింగ్ టీం, హైదరాబాదు

జవాబు: బగ్ లేదు. ఆ ఫైలులో సెక్టారు అంటే ఎప్పుడూ 512 బైట్లే, డిస్కు ఏదైనా సరే. బ్లాక్ విభాగంలోని స్టాట్ డాక్యుమెంటులో ఈ మాట ఉంది. ఇవి యునిక్స్ వాడుకలోని 512 బైట్ల సెక్టార్లనీ, డివైజుకో ఫైల్‌సిస్టంకో చెందిన బ్లాక్ సైజు కాదనీ ప్రత్యేకంగా చెప్పారు. 4096ను 512తో భాగిస్తే 8, మీ తేడా అదే.

ఆ స్క్రిప్టులో ఇంకో రెండు చూసుకోండి. ఆ లైనులో మొదట 11 సంఖ్యలుండేవి. 4.18 వెర్షన్‌లో డిస్కార్డ్ (ఇక అక్కర్లేని బ్లాకులేవో డిస్కుకు చెప్పడం) లెక్కల కోసం 4, 5.5లో ఫ్లష్ లెక్కల కోసం 2 చేరాయి, మొత్తం 17. కావాల్సిన సంఖ్యను "చివరిది" అని తీసుకునే స్క్రిప్టులు ఇలా కొత్తవి చేరినప్పుడల్లా తప్పు చెబుతాయి, మొదటి నుంచి లెక్కపెట్టి తీసుకోవాలి. రెండోది, డిస్కు పనిలో ఉన్న సమయాన్ని చెప్పే పదో సంఖ్య. 5.0 నుంచి దాన్ని లెక్కగట్టే పద్ధతి మారింది. ఏదైనా రిక్వెస్టు మొదలైన లేదా ముగిసిన జిఫ్ఫీలను (కెర్నల్ గడియారపు టిక్కులను) మాత్రమే లెక్కిస్తారు, కాబట్టి ఒకేసారి చాలా రిక్వెస్టులు నడుస్తున్నప్పుడు కొంత సమయం లెక్కలోకి రాకపోవచ్చు. అదీ డాక్యుమెంటేషన్‌లో ఉంది. పాత సర్వరు, కొత్త సర్వరు గ్రాఫులు పక్కపక్కన పెట్టి "కొత్తది తక్కువ బిజీగా ఉంది" అనేముందు రెండింటి కెర్నల్ వెర్షన్లు చూడండి. ఏ వెర్షన్ నుంచి ఏం మారిందో రాసి ఉంచిన ఆ లైన్లంటే నాకు చాలా గౌరవం.

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సీ భాష బాగానే వచ్చు. కెర్నల్‌లో ఏదైనా చేయాలని ఉంది. డాక్యుమెంటేషన్‌తో మొదలుపెడతానంటే మా సీనియర్లు "అది కోడు రానివాళ్ళ పని, ఇంటర్వ్యూలో ఎవరూ పట్టించుకోరు" అంటున్నారు. పైగా నా దగ్గర ఒక్క ల్యాప్‌టాప్ తప్ప వేరే డిస్కులేవీ లేవు. ఏం చేయాలి మేడమ్?
— విద్యార్థిని, విజయనగరం

జవాబు: ముందు మీ సీనియర్ల మాట సంగతి చూద్దాం. 2.5 కెర్నల్ కాలంలో బ్లాక్ లేయరును (డిస్కులకు వెళ్ళే రిక్వెస్టులను నడిపే భాగాన్ని) తిరగరాసినప్పుడు దాని నోట్సు రాసినవాళ్ళు ఇద్దరు. ఒకరు ఆ లేయరు బాధ్యత చూసే మెయింటెయినరే అయిన యెన్స్ ఆక్స్‌బో, ఇంకొకరు మన దేశపు ఇంజనీరు సుపర్ణ భట్టాచార్య. కోడు రానివాళ్ళ పని అయితే వాళ్ళెందుకు రాస్తారు? 2002 నాటి ఆ రాత ఎంత మంచిదంటే, కోడు పూర్తిగా మారిపోయాక కూడా చాలా ఏళ్ళు సోర్సులోనే ఉండిపోయింది. అది దాని బలమే గానీ, తర్వాతివాళ్ళకు చిక్కు కూడా. లేని ఫంక్షన్ల గురించి చదివి కొత్తవాళ్ళు తికమకపడేవాళ్ళు. చివరికి తీసేశారు.

ఇంకోటి చెబుతాను. ఇప్పుడు దాదాపు ప్రతి డిస్కు రిక్వెస్టూ వెళ్ళేది బ్లాక్ మల్టీక్యూ అనే దారిలో. అది 2014 జనవరిలో వచ్చిన 3.13 వెర్షన్‌లో చేరింది. పాత దారిని 2019లో 5.0లో పూర్తిగా తీసేశారు. కొత్తదాన్ని వివరించే డాక్యుమెంటు బ్లాక్ విభాగంలో చేరింది 2020లో. అంటే పాత ఇల్లు కూల్చేశాక గానీ కొత్త ఇంటికి దారి చెప్పే బోర్డు రాలేదు. ఆ మధ్య ఏళ్ళలో డ్రైవరు రాయాల్సి వచ్చినవాళ్ళందరూ వేరేవాళ్ళ డ్రైవర్లు చూసి, అర్థమైనంత కాపీ కొట్టి రాశారు. అర్థం కానిది కూడా కాపీ అయింది. ఆ బోర్డు రాయాలంటే మల్టీక్యూ కోడు మొత్తం అర్థం కావాలి.

ఇక పని. డిస్కులు లేవని బెంగ వద్దు, నల్ బ్లాక్ అనే డ్రైవరుంది. అది ఉత్తుత్తి డిస్కు. మామూలుగా వాడితే రాసిందేదీ దాచదు, డిఫాల్టుగా 250 జీబీ డిస్కునని చెప్పుకుంటుంది, బ్లాక్ లేయరును పరీక్షించడానికే పుట్టింది. క్యూఈఎంయూ వర్చువల్ మెషీన్‌లో దాన్ని లోడు చేయండి, మీ ల్యాప్‌టాప్‌కు ఏ ప్రమాదమూ ఉండదు. ఒక పక్క దాని డాక్యుమెంటు, ఇంకో పక్క దాని మెయిన్ ఫైలు తెరవండి. కోడులో మాడ్యూల్ పరామ్ (డ్రైవరును లోడు చేసేటప్పుడు ఇచ్చే సెట్టింగు) అని ఉన్న ప్రతి లైనుకూ డాక్యుమెంటులో ఎంట్రీ ఉందా, డిఫాల్టు విలువ ఒకటేనా, చెల్లని విలువ ఇస్తే డాక్యుమెంటు చెప్పినట్టే జరుగుతోందా, ఒక్కొక్కటీ చేసి చూడండి. ఏదైనా తేడా కనిపించిందా, అదే మీ మొదటి ప్యాచ్, అంటే కెర్నల్‌కు పంపే మార్పు. తేడా ఏమీ లేకపోయినా ఆ వారంలో బ్లాక్ లేయరు గురించి మీ సీనియర్లకన్నా మీకే ఎక్కువ తెలుస్తుంది.

తర్వాత జెడ్‌ర్యామ్ డాక్యుమెంటు తీయండి. అది ర్యామ్‌లోనే కంప్రెస్ చేసి దాచే డిస్కు. అందులో స్టెప్పుల వరుసకు అర్థముంది. కంప్రెషన్ ఆల్గారిథం ముందు ఎంచుకోవాలి, డిస్కు సైజు తర్వాత ఇవ్వాలి. తిరగేసి చేసి చూడండి, ఏ ఎర్రర్ వస్తుందో రాసుకోండి. స్టెప్పులు ఎందుకు ఆ వరుసలో ఉన్నాయో తెలియకుండా వాటిని ఎవరూ బాగా రాయలేరు.

పనిముట్లు పెద్దగా ఏమీ లేవు. డాక్యుమెంట్లు రీస్ట్రక్చర్డ్ టెక్స్ట్ అనే సాదా పద్ధతిలో ఉంటాయి. 2016లో 4.8 వెర్షన్ నుంచి స్ఫింక్స్ అనే టూల్‌తో వాటిని వెబ్ పేజీలుగా తయారుచేస్తున్నారు. మేక్ హెచ్‌టీఎంఎల్‌డాక్స్ కమాండు మొత్తం అన్నిటినీ తయారుచేస్తుంది, మీ ల్యాప్‌టాప్ మీద చాలాసేపు పడుతుంది. స్ఫింక్స్‌డిర్స్ అనే వేరియబుల్‌కు బ్లాక్ అని ఇస్తే ఆ ఒక్క భాగమే తయారవుతుంది. అప్పుడు తెర మీద వచ్చే వార్నింగులు చదవండి. "ఫలానా పారామీటరు వివరించలేదు" అనే వార్నింగు మీద గుడ్డిగా ఒక వాక్యం అతికించడం తేలిక, దాని వల్ల ఉపయోగం లేదు. ఆ పారామీటరును పిలిచే చోట్లన్నీ చూసి, అది నల్ కావచ్చా, బైట్లా సెక్టార్లా, ఎవరు ఫ్రీ చేయాలి, అవి తేల్చుకుని రాయండి.

డాక్యుమెంటేషన్ మెయింటెయినర్ జోనాథన్ కార్బెట్ కొత్తవాళ్ళ కోసం రాసిన గైడు సోర్సులోనే ఉంది. అక్షరదోషాల ప్యాచ్‌లు పంపినా ఆయన తీసుకుంటారు, ప్యాచ్ పంపే పద్ధతి అలవాటు కావడానికి ఒకటి రెండు పంపండి. అక్కడే ఆగిపోవద్దు. ఇంటర్వ్యూ సంగతి అంటారా, నేను ఇంటర్వ్యూలు చేస్తాను. "ఈ ఒక్క వాక్యం ఎందుకు మార్చారు?" అని అడిగితే పది నిమిషాలు చెప్పగలిగినవాళ్ళను నేను వదులుకోను.

ప్రశ్న: ఇప్పుడు ఏఐతో కోడు చదివించి డాక్యుమెంటేషన్ రాయించేయొచ్చు కదా. మనుషులు కూర్చుని రాయడం దేనికి?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పుణె

జవాబు: ఒక్క ఉదాహరణ చెబుతాను. డిస్కు ఎంతసేపటికి జవాబివ్వకపోతే టైమౌట్ అనాలో చెప్పే సెట్టింగులు మూడున్నాయి. క్యూ డైరెక్టరీలోని ఐఓ టైమౌట్ మిల్లీసెకన్లలో ఉంటుంది. ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీల కోర్ మాడ్యూలుకు ఇచ్చే ఐఓ టైమౌట్ సెకన్లలో ఉంటుంది, డిఫాల్టు 30. స్కజీ డిస్కు తాలూకు టైమౌట్ ఫైలు కూడా సెకన్లే. మొదటి రెండిటికీ పేరు ఒకటే, కొలత వెయ్యి రెట్లు తేడా. మొదటి ఫైలులో సెకన్లనుకుని 30 రాసినవాళ్ళకు 30 మిల్లీసెకన్లకే రిక్వెస్టులు టైమౌట్ అవుతుంటే ఎంత టెన్షనో ఊహించండి.

మనిషి రాసినా, ఏఐ రాసినా, మెషీన్ మీద పెట్టి చూసి కొలత తేల్చుకున్నాకే పంపాలి. ప్యాచ్ అడుగున "సైన్డ్ ఆఫ్ బై" అని బాధ్యత ఒప్పుకుంటూ పేరు పెట్టేది మనిషే. వాక్యం సాఫీగా ఉండి కొలత తప్పయితే, అది చదివినవాళ్ళు అనుమానించరు కూడా. ఏమీ రాయకుండా వదిలేసినదైతే కనీసం కోడు తెరిచి చూసుకుంటారు.

ప్రశ్న: మాది స్టోరేజి కంట్రోలర్లు తయారుచేసే చిన్న టీం. డ్రైవరును మెయిన్ కెర్నల్‌లోకి పంపే పని నాది. డాక్యుమెంటేషన్ రిలీజు తర్వాత చూసుకుందాం అంటున్నారు మా మేనేజరు. అసలు ఎక్కడ ఏం రాయాలో కూడా స్పష్టంగా తెలియడం లేదు. డాక్యుమెంటేషన్ డైరెక్టరీలో ఒక ఫైలు పెడితే చాలదా?
— డ్రైవర్ ఇంజనీరు, బెంగళూరు

జవాబు: మేనేజరు గారికి కెర్నల్ సోర్సులోనే ఉన్న సబ్మిట్ చెక్‌లిస్టు చూపించండి. కొత్త మాడ్యూల్ పారామీటరుకు వివరణ ఉండాలి, కొత్త బూట్ పారామీటరు ఆ జాబితాలోకి ఎక్కాలి, యూజర్లు తాకే ప్రతి కొత్త ఇంటర్‌ఫేసూ ఏబీఐ డైరెక్టరీలో రాసి ఉండాలి అని అందులో ఉంది. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ హార్డ్‌వేరు ఉందో కెర్నల్‌కు చెప్పే వివరంలో) కొత్త కంపాటిబుల్ పేరు వాడి దాని బైండింగ్ (ఆ వివరం ఎలా రాయాలో చెప్పే ఫైలు) రాయకపోతే చెక్‌ప్యాచ్ స్క్రిప్టే పట్టుకుంటుంది. తర్వాత చూసుకుందామంటే రివ్యూలోనే ఆగుతుంది, రిలీజు ఇంకా ఆలస్యమవుతుంది.

ఒక ఫైలు చాలదు. ఎందుకంటే మీ డ్రైవరును చదివేవాళ్ళు ఒక్కరు కాదు. కెర్నల్‌ను బిల్డ్ చేసేవాళ్ళు కేకాన్ఫిగ్ (బిల్డులో ఏవేవి ఉండాలో ఎంచుకునే మెనూ) హెల్ప్ చదువుతారు. బోర్డు తయారుచేసేవాళ్ళు డివైస్ ట్రీ బైండింగ్ చూస్తారు. ఈఎమ్‌ఎమ్‌సీ (ఫోన్లలాంటి వాటిలోని ఫ్లాష్ చిప్పు) అయితే బస్సు వెడల్పు 1, 4, 8లో ఏది, చిప్పు బోర్డుకే అతికి ఉందా అన్నవి అక్కడ ఉండాలి. ఆ బైండింగ్ యామల్ ఫైలును మెషీనే తనిఖీ చేస్తుంది, తప్పు రాస్తే డీటీ బైండింగ్ చెక్‌లో బయటపడుతుంది. సర్వరు నడిపేవాళ్ళకు సిస్‌ఎఫ్‌ఎస్ ఫైళ్ళు, అంటే నడుస్తున్న కెర్నల్ సెట్టింగులను చూపే, మార్చే ఫైళ్ళు, కావాలి. అవి ఏబీఐ డైరెక్టరీలో పేరు, తేదీ, వెర్షన్, ఎవరిని అడగాలి, వివరణ అనే వరుసలో వెళ్ళాలి. కొత్తవి టెస్టింగ్ అనే భాగంలో పెట్టండి. స్టేబుల్‌లో పెట్టారంటే కనీసం 2 ఏళ్ళు మార్చబోమని మాట ఇచ్చినట్టు.

ఎవరికి చెప్పాల్సింది వాళ్ళకు కనబడే చోట లేకపోతే ఎలా ఉంటుందో చూడండి. సాటా లింకు పవర్ పొదుపులో "మినిమం పవర్" అనే స్థాయి కొన్ని డిస్కులతో ఇబ్బందులు తెస్తుందని, డేటా పాడయ్యే ప్రమాదం కూడా ఉందని, వాడొద్దని కేకాన్ఫిగ్ హెల్ప్‌లో రాశారు. చాలా ముఖ్యమైన హెచ్చరిక. కానీ ఆ స్థాయిని ల్యాప్‌టాప్ యూజరు ఎవరైనా సిస్‌ఎఫ్‌ఎస్ ద్వారా ఒక్క కమాండుతో పెట్టుకోవచ్చు. రెడీమేడ్ డిస్ట్రో కెర్నల్ వాడేవాళ్ళలో కేకాన్ఫిగ్ తెరిచేవాళ్ళు ఎందరు? మీ డ్రైవరులో డేటాకు ముప్పు తెచ్చే సెట్టింగు ఏదైనా ఉంటే, ఆ సెట్టింగును తాకే ప్రతి దారిలోనూ హెచ్చరిక పెట్టండి. ఒకే మాట మూడుచోట్ల రాయడం మామూలుగా నాకు నచ్చదు, ఈ ఒక్క సందర్భంలో మాత్రం రాయాల్సిందే అంటాను.

ఇక తోటి డెవలపర్లు. వాళ్ళ కోసం కోడు పక్కనే కెర్నల్‌డాక్ వ్యాఖ్య ఉండాలి. సీ భాష వ్యాఖ్యకు ఒక నక్షత్రం, దీనికి రెండు. ఫంక్షన్ పేరు, పారామీటర్లు, ఏమి తిరిగిస్తుంది, ఇంకా కాంటెక్స్ట్. చాలామంది ఆ చివరిది వదిలేస్తారు. ఈ ఫంక్షన్ నిద్రపోవచ్చా, ఏ లాక్ పట్టుకుని పిలవాలి, ఇంటరప్ట్‌లో పిలవొచ్చా అన్నది కోడు చూసి ఊహించాలంటే గంటలు పడుతుంది, రాసినవాళ్ళకైతే ఒక్క లైను.

మంచి వ్యాఖ్య ఎలా ఉంటుందో చూడాలంటే బ్లాక్ టైప్స్ హెడర్ ఫైలు తెరవండి. మల్టీక్యూ డ్రైవరు ఒక రిక్వెస్టును ఇప్పుడు తీసుకోలేనప్పుడు తిరిగిచ్చే రెండు విలువలున్నాయి. ఒకటి రిసోర్స్, ఒకటి డెవ్ రిసోర్స్. చూడ్డానికి కవలల్లా ఉంటాయి. రెండోదాని పైన ఒక పెద్ద వ్యాఖ్య ఉంది. కొరతగా ఉన్న వనరు ఈ డివైజుదే అయి, అది ఖాళీ కాగానే క్యూ మళ్ళీ నడుస్తుందని డ్రైవరు హామీ ఇవ్వగలిగితేనే ఇది వాడాలి, హామీ లేకపోతే మొదటిదే వాడాలి అని. ఎందుకంటే డెవ్ రిసోర్స్ అంటే "మళ్ళీ లేపే సంగతి నాది" అని డ్రైవరు మాటిచ్చినట్టు. మెమరీ దొరక్క ఆగిపోయి ఈ విలువ తిరిగిస్తే, డివైజులో అప్పటికే నడుస్తున్న రిక్వెస్టు ఏదీ లేకపోతే, మళ్ళీ లేపేవాళ్ళే ఉండరు. ఐఓ అలా నిలబడిపోతుంది. ఎర్రర్ రాదు, లాగ్ రాదు. ఒక్క విలువకు అంత వ్యాఖ్య ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా. అది చదివినవాళ్ళు నెలల డీబగ్గింగ్ తప్పించుకుంటారు.

మీ హార్డ్‌వేరు గురించి మీరు తప్ప ఎవరూ రాయలేనిది టైమౌట్ కథ. స్కజీ ఎర్రర్ హ్యాండ్లింగ్ మామూలుగా కమాండును అబార్ట్ చేయడంతో మొదలై డివైజ్, టార్గెట్, బస్, హోస్ట్ రీసెట్‌ల దాకా పోయి, ఏదీ పనిచేయకపోతే డిస్కును ఆఫ్‌లైన్ చేస్తుంది. మీ కంట్రోలరు డివైజ్ రీసెట్ చేస్తే పక్క డిస్కుల కమాండ్లు కూడా పోతాయా? ఫర్మ్‌వేరు లేవడానికి ఎంతసేపు పడుతుంది? రీసెట్ తర్వాత క్యాష్‌లోని డేటా ఉంటుందా? ఇవి ఈ రోజు మీ టీంలో ఎవరో ఒకరికి కచ్చితంగా తెలుసు. ఆ వ్యక్తి ఉద్యోగం మారకముందే, కోడు వెళ్ళే ప్యాచ్ సిరీస్‌లోనే రాయించండి.

ప్రశ్న: రిటైర్డ్ లెక్చరర్‌ని. కెర్నల్ డాక్యుమెంటేషన్‌ను తెలుగులోకి ఎందుకు తేకూడదు? మాలాంటివాళ్ళం సాయం చేస్తాం.
— గుంటూరు

జవాబు: మాస్టారూ, మీ ఉత్సాహానికి నమస్కారం. సోర్సులో అనువాదాలకు ప్రత్యేక డైరెక్టరీయే ఉంది. చైనీస్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, స్పానిష్ ఉన్నాయి. చైనీస్ వాళ్ళ పని చాలా విస్తారం. ఇంగ్లిష్ మూలం మారితే ఏ అనువాదం వెనకబడిందో చూపే స్క్రిప్టు కూడా సోర్సులో ఉంది.

అయితే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అనువదించడం కాదు కష్టం, ప్రతి రిలీజుకూ దాన్ని మూలంతో సమానంగా ఉంచడం కష్టం. పాతబడిన తెలుగు డాక్యుమెంటును నమ్మి ఒకరు డిస్కు సెట్టింగు మార్చితే డేటా పోతుంది. అందుకని డ్రైవర్ల సెట్టింగుల జోలికి ముందే పోవద్దు. ప్యాచ్ ఎలా పంపాలి, డాక్యుమెంటు ఎలా రాయాలి అన్నవి నెమ్మదిగా మారతాయి, కొత్త విద్యార్థులకు వెంటనే పనికొస్తాయి. వాటితో మొదలుపెట్టండి, కానీ కోడు చదివే ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళను జత చేసుకుని మొదలుపెట్టండి. వాక్యం మీరు దిద్దండి, నిజం వాళ్ళు దిద్దుతారు. మీ దగ్గరి కాలేజీలో అలాంటివాళ్ళు ఉంటే ఈ శీర్షికకు రాయండి, మొదటి ఫైలు నేను కూడా చదివి పెడతాను.

ప్రశ్న: డాక్యుమెంటేషన్ ప్యాచ్ పంపి ఐదు రోజులైంది. ఎవరూ పలకలేదు. నచ్చలేదనుకోవాలా? మళ్ళీ పంపనా?
— ఖమ్మం

జవాబు: ఏమీ అనుకోవద్దు. మళ్ళీ పంపేముందు కనీసం ఒక వారం ఆగమని నియమం. జవాబుకు రెండు మూడు వారాలు పట్టడం మామూలే. ప్రతి రిలీజు మొదట్లో రెండు వారాలు మెర్జ్ విండో (కొత్త మార్పులను కలిపే సమయం) ఉంటుంది, అప్పుడు మెయింటెయినర్లకు ఊపిరాడదు, ఇంకొంచెం ఆగాలి.

ఈలోగా మీ ప్యాచ్‌ను మీరే ఒకసారి చూసుకోండి. గెట్ మెయింటెయినర్ స్క్రిప్టు చెప్పిన అందరికీ వెళ్ళిందా? స్టోరేజి డాక్యుమెంటయితే డాక్యుమెంటేషన్ వాళ్ళతో పాటు ఆ డ్రైవరు మెయింటెయినరుకు కూడా వెళ్ళాలి. రాసింది నిజమో కాదో చెప్పగలిగేది వాళ్ళే. మెయిల్ సాదా టెక్స్ట్‌లోనే వెళ్ళిందా? మీ మెయిల్ ప్రోగ్రాం ట్యాబులను స్పేసులుగా మార్చేస్తే ప్యాచ్ అతకదు, అతకని ప్యాచ్‌కు చాలాసార్లు జవాబే రాదు. గిట్ సెండ్ ఈమెయిల్‌తో ముందు మీకు మీరే పంపుకుని, వచ్చినదాన్ని కొత్త సోర్సు ట్రీ మీద అప్లై చేసి చూడండి. అన్నీ సరిగ్గా ఉంటే వారం దాటాక, పాత మెయిల్‌కే జవాబుగా రెండు లైన్లలో మర్యాదగా గుర్తుచేయండి. ఏమైనా మార్చి పంపితే సబ్జెక్టులో రెండో వెర్షన్ అని పెట్టి, మూడు అడ్డగీతల కింద ఏం మార్చారో రాయండి.